సెల్లుంది... చెల్లుబాటేదీ?

పంట పండించడం ఒక విద్య. పండినదాన్ని గిట్టుబాటుగా అమ్ముకోవడం ఇంకో విద్య. మొదటిది తాత ముత్తాతల నుంచి వచ్చింది. రెండోది మార్కెట్ యార్డులో నాలుగు దెబ్బలు తిన్నాక వచ్చింది. ఇప్పుడు మూడో విద్య ఒకటి రైతు నెత్తిన పడింది. అది నాగలి పట్టిన చేతికి రాదు, బేరమాడే నోటికీ రాదు. ఫోన్ తెర మీద ఆడే వేలికి రావాలి. ఒకప్పుడు వేలిముద్ర అంటే చదువు లేదనడానికి గుర్తు. ఇవాళ అదే వేలు తెర మీద సరైన చోట పడితే తప్ప పత్తి అమ్ముడుపోని రోజులొచ్చాయి.

2025-26 సీజన్‌లో జరిగింది అదే. భారత పత్తి సంస్థ, అంటే మన రైతుల నోట సీసీఐ, ‘కపాస్ కిసాన్’ అనే యాప్ తెచ్చింది. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే ముందు ఆ యాప్‌లో పేరు నమోదు కావాలి. తర్వాత ఏ రోజు, ఏ కేంద్రానికి సరకు తెస్తారో అందులోనే స్లాట్ తీసుకోవాలి. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయట వ్యాపారులు చాలాచోట్ల అంతకన్నా తక్కువే ఇచ్చారు. అంటే, మంచి ధరకూ రైతుకూ మధ్య ఉన్న తలుపు ఫోన్ తెరగా మారింది. తాళంచెవి దాన్ని వాడటం వచ్చినవాడి దగ్గర ఉంది.

మంచి ఉద్దేశం లేదని కాదు. క్యూలు తగ్గుతాయి. రైతుల పేరుతో దళారులు దొడ్డిదారిన సరకు తోలడం తగ్గుతుంది. సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. ఇరవై ఎకరాల ఆసామికీ రెండెకరాల రైతుకీ ఆ తలుపు ఒకేలా తెరుచుకుంటుందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు కాస్త దూరం వెళ్లిరావాలి. ఫోను, కంప్యూటరు పల్లె బతుకుల్ని ఏం చేశాయో మన దేశంలోనే మూడు చోట్ల పరిశోధకులు లెక్కగట్టి చూశారు. మూడు చోట్లా మూడు రకాల ఫలితాలొచ్చాయి.

కేరళ తీరం చెప్పిన మాట

మొదటిది ఉత్తర కేరళ. అక్కడివాళ్లు రైతులు కాదు, మత్స్యకారులు. అయినా కష్టం రైతుదే. పొద్దున్నే వలలో పడిన చేప సాయంత్రానికి పనికిరాదు. ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపల్ని సముద్రంలోనే పారబోసేవారు. అదే పూట కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఇంకో రేవులో కొనేవాళ్లు చేపలు దొరక్క వెనుదిరిగేవారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

1997 నుంచి ఆ తీరంలో ఒక్కో ప్రాంతానికీ సెల్‌ఫోన్ వచ్చింది. సిగ్నల్ ఒడ్డు దాటి సముద్రంలోకి ఇరవై కిలోమీటర్ల దాకా అందింది. పడవలో ఉండగానే నాలుగు రేవులకు ఫోన్ చేసి, ధర ఉన్నచోటికి పడవ తిప్పడం మొదలైంది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఇదంతా ఏళ్ల తరబడి వారంవారం లెక్కలు సేకరించి, 2007లో ప్రచురించారు. పారబోత దాదాపు ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది. చిత్రమేమిటంటే, కొనుక్కు తినేవాళ్లకూ ధర 4 శాతం తగ్గింది. ఫోన్ లేని పడవలవాళ్లూ, కొంత తక్కువగానైనా, బాగుపడ్డారు.

అంటే ఫోన్ అంతరాన్ని పెంచలేదు. అందరినీ కొంచెం కొంచెం పైకి లేపింది. ఎందుకు? ఆ ఫోన్ వాడటానికి మాట వస్తే చాలు. అక్షరం అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. పడవ సొంతం, చేప సొంతం. తిప్పుకోవడానికి పక్కనే ఇంకో రేవు ఉంది. ఈ మూడూ కలిశాయి కాబట్టే తెలిసిన కబురు చేతిలో డబ్బుగా మారింది.

చౌపాల్‌లో కంప్యూటరు

రెండోది మధ్యప్రదేశ్. 2000లో ఐటీసీ సంస్థ అక్కడి సోయాబీన్ రైతుల కోసం ‘ఈ-చౌపాల్’ మొదలుపెట్టింది. చౌపాల్ అంటే మన రచ్చబండ లాంటిది. ఊళ్లో కాస్త చదువుకున్న ఒక రైతు ఇంట్లో కంప్యూటరు పెట్టారు. అతన్ని సంచాలకుడన్నారు. మండీ ధరలు, ఐటీసీ ఇచ్చే ధర పొద్దున్నే తెర మీద చూసి ఊరందరికీ చెప్పడం అతని పని. ఇష్టమైతే సంస్థకే అమ్ముకోవచ్చు, లేదంటే మామూలుగా మండీకి తోలుకోవచ్చు.

అపరాజిత గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ కేంద్రాలు వచ్చిన జిల్లాల్లో మండీలోనే సోయా ధర ఒకటి నుంచి మూడు శాతం దాకా పెరిగింది. కంప్యూటరు ముఖం చూడని రైతుకూ ఆ పెరుగుదల అందింది. ఎందుకంటే కొనేవాడు ఇంకొకడు పోటీకి వచ్చాడు. ‘నేను కాకపోతే నీకు దిక్కెవరు’ అనే ధీమా మండీ వ్యాపారికి తగ్గింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఊరంతా కంప్యూటరు నేర్చుకోలేదు. ఒక్కడు నేర్చుకున్నాడు. మిగతావాళ్లకు చెప్పే బాధ్యత అతనికి ఉంది. తెరకూ రైతుకూ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఊరివాడే.

తెలిసినా ఫలితం లేదు

మూడోది మహారాష్ట్ర. ఇక్కడ కథ అడ్డం తిరిగింది. రైతుల సెల్‌ఫోన్లకే ధరలు, వాతావరణం, పంట సలహాలు సంక్షిప్త సందేశాలుగా పంపే సేవ ఒకటి అక్కడ నడిచింది. ఫాఫ్‌షాంప్స్, మింటెన్ అనే ఇద్దరు పరిశోధకులు వంద గ్రామాల్లో దాన్ని పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. సందేశాలు అందుకున్న రైతులకు వచ్చిన ధరలో సగటున చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు.

ధర తెలిస్తే చాలదా? చాలదు. మన పల్లెల్లో ఎవరినడిగినా కారణం చెబుతారు. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చినవాడికే పంట తోలాలి. అది ఒప్పందం. ఎక్కడా రాసి ఉండదు, కానీ తప్పడానికి లేదు. వంద కిలోమీటర్ల దూరంలో క్వింటాలుకు మూడు వందలు ఎక్కువ పలుకుతోందని ఫోన్ చెప్పవచ్చు. అప్పు ఇచ్చినవాడు గడపలో కూర్చుంటే ఆ కబురు చెవికి సోకి వెళ్లిపోవాల్సిందే.

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన నమూనా సర్వేలో అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు దేశం మొత్తం మీద సగం. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో 91కి పైనే. ఈ అంకెను పక్కన పెట్టి మన రైతుకు సెల్‌ఫోన్ ఏం చేసిపెడుతుందో మాట్లాడితే అది సగం మాటే.

2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్... అదే ఈ-నామ్... విషయంలోనూ చిక్కు ఇక్కడే. నిజామాబాద్ పసుపు యార్డు దానిలో ఉంది. దేశంలో 1,300కు పైగా మార్కెట్లు అందులో చేరాయి. ఎక్కడెక్కడి వ్యాపారులో తెర మీద ధర కోట్ చేయవచ్చు. కానీ అవసరానికి ముందే డబ్బిచ్చిన కమీషన్ ఏజెంటుకు తెర మీద ఎంత ధర వచ్చినా బాకీ బాకీయే. తక్‌పట్టీ చేతికొచ్చేసరికి అందులోంచి అసలూ వడ్డీ ఎంత పోతుందన్నదే రైతుకు అసలు లెక్క.

రెండెకరాల లెక్క

మళ్లీ మన పత్తి దగ్గరకొద్దాం. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఎవరో ఒకరి లెక్క కాదు, అర్థం కావడానికి వేసుకునే లెక్క.

రెండెకరాల రైతుకు 12 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. ఇరవై ఎకరాల ఆసామికి 120. యాప్ వాడటం ఇద్దరికీ రాదు. ఇద్దరూ మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు వెళ్లారు. ఆటోకు 60, నమోదు చేసిపెట్టినందుకు 100, ఆ రోజు పోయిన కూలి 500. మొత్తం 660 రూపాయలు. ఆసామికి ఆ ఖర్చు క్వింటాలుకు ఐదున్నర రూపాయలు. చిన్న రైతుకు 55. సర్వర్ పనిచేయలేదని ‘రేపు రా’ అంటే అది 110 అవుతుంది. ‘ఆధార్‌లో ఉన్న ఫోన్ నెంబరు వేరు, మార్చుకుని రా’ అంటే ఇంకో రోజు.

మూడోసారికి చిన్న రైతు విసిగిపోతాడు. ఊళ్లోనే కాంటా పెట్టే వ్యాపారికి తూచేస్తాడు. అతను క్వింటాలుకు వెయ్యి తగ్గించి ఇచ్చాడనుకుంటే 12 వేలు పోయినట్టే. పెద్దింట్లో 12 వేలు పండగ ఖర్చు. రెండెకరాల ఇంట్లో వచ్చే ఏడాది విత్తనాల సంచులు, ఒక విడత ఎరువు. అవి మళ్లీ అప్పు మీదే వస్తాయి. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ ఆ కాంటా దగ్గరికే పోవాలి.

అంతరం పెరగడం అంటే ఇదే. ఎవరూ ఎవరినీ దోచుకోలేదు. చట్టం ఎవరికీ అన్యాయం చేయలేదు. ఒకే తలుపు, ఒకే తాళంచెవి, ఒకే ఖర్చు. ఆ ఖర్చు పెద్ద కమతం మీద పరుచుకుంటే పలచనవుతుంది. చిన్న కమతం మీద పడితే బరువవుతుంది.

పైగా పత్తికి తేమ గొడవ ఒకటుంది. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. ఆ పైన 12 శాతం దాకా కోత. 12 దాటితే కొనరు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు తెలంగాణలో పత్తి తడిసింది. అలాంటప్పుడు తీసుకున్న స్లాట్ రోజుకు సరకు ఆరకపోతే మళ్లీ ఇంకో రోజు చూసుకోవాలి. ఇంట్లో యాప్ వచ్చిన కుర్రాడుంటే అది ఐదు నిమిషాల పని. లేకపోతే మళ్లీ ఆటో, మళ్లీ సెంటరు, మళ్లీ కూలి.

చూడటం వేరు, నింపడం వేరు

‘ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా స్మార్ట్‌ఫోనే కదా’ అంటారు. నిజమే. 2017-18 నాటి జాతీయ సర్వేలో పల్లెల్లో ఐదేళ్లు దాటినవాళ్లలో ఇంటర్నెట్ వాడటం వచ్చినవాళ్లు నూటికి 13 మందే. పట్టణాల్లో 37. ఆ తర్వాత డేటా చవకై, పల్లె పరిస్థితి చాలా మారింది. చెట్టు కింద కూర్చుని వీడియోలు చూడని ఊరు లేదు.

అయితే వీడియో చూడటం వేరు, దరఖాస్తు నింపడం వేరు. మొదటిదానికి వేలు పైకీ కిందికీ జరిపితే చాలు. రెండోదానికి సర్వే నెంబరు తెలియాలి, పాసుపుస్తకంలో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటేనో కాదో చూసుకోవాలి, ఓటీపీ వచ్చిన రెండు నిమిషాల్లో కొట్టాలి. తప్పు వస్తే ఎక్కడ తప్పిందో అర్థం చేసుకోవాలి. తెర మీద వచ్చే ఎర్ర అక్షరాలు చాలాసార్లు ఇంగ్లిషులో ఉంటాయి.

ఇంకా ఒక మాట. ఫోన్ ఇంటిది, కానీ ఇంట్లో ఎవరిది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది. తెలంగాణలో 26 మందికి పైన. పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. కలుపు తీసేదీ వాళ్లే. భర్త పోయాక సేద్యం తన నెత్తిన వేసుకున్న ఇల్లాలికి ఓటీపీ ఏ నెంబరుకు వెళుతుంది? పోయినాయన పేరు మీదున్న సిమ్ముకో, పట్నంలో ఉన్న కొడుకు ఫోనుకో. కొడుకు డ్యూటీలో ఉంటే ఆ రెండు నిమిషాలూ దాటిపోతాయి.

ఓటీపీ ఇంకొకరికి చెప్పక తప్పనివాడి కష్టం మరొకటి. బ్యాంకువాళ్లు ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటారు. చెప్పకపోతే సెంటరువాడు పని చేయలేడు. నమ్మి చెప్పాలి, భయపడుతూ చెప్పాలి. వచ్చినవాడికి ఈ భయం లేదు.

పేరు లేనివాడికి తెర ఉన్నా లేనట్టే

వీళ్లందరికన్నా వెనక నిలబడేవాడు కౌలు రైతు. అతని కొడుకు ఇంజినీరింగే చదివినా, యాప్‌లో అడిగే పాసుపుస్తకం నెంబరు అతని దగ్గర ఉండదు. భూమి యజమాని పేరు మీద ఉంటుంది. యజమాని పట్నంలో ఉంటాడు. ఆయన నెంబరుకు వచ్చిన ఓటీపీ ఆయన చెప్పాలి. లేదంటే వ్యవసాయాధికారి ధ్రువీకరణ కోసం తిరగాలి.

తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు గడే లేకుండా పోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకు కాదు. కేంద్రం ఏడాదికి 6 వేలు ఇచ్చే పీఎం-కిసాన్‌కూ భూమి పేరు మీద ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు పత్రం వచ్చింది. అయితే దాని మీద యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం.

కాగితంలో లేనివాడు కంప్యూటరులో ఎక్కడి నుంచి వస్తాడు? పాత రోజుల్లో కరణం రాయకపోయినా ఊరికి తెలుసు, ఫలానా చెలక ఫలానావాడు దున్నుతున్నాడని. యంత్రానికి ఊరి సాక్ష్యం పనికిరాదు. కాబట్టి నేర్పు అన్నది సగం మందు మాత్రమే. నేర్పుతో పాటు పేరూ ఉండాలి.

మధ్యలో ఒక మనిషి

మరి దారి లేదా? ఉంది. అదీ మన దగ్గరే పుట్టింది. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ‘ఈ-సాగు’ అనే ప్రయోగం చేశారు. వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలైంది. రైతు కంప్యూటరు ముట్టుకోలేదు. ఊరివాడే ఒకడు వారానికోసారి చేలోకి వెళ్లి మొక్కల్ని ఫొటోలు తీసేవాడు. అప్పట్లో అంత వేగంగా పంపే నెట్ లేక ఫొటోల్ని సీడీల్లో నింపి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. వ్యవసాయ నిపుణులు వాటిని చూసి ఒక్కో చేనికి ఒక్కో సలహా రాసేవారు. అదే మనిషి దాన్ని రైతుకు చదివి వినిపించేవాడు. రైతు అడగకముందే సలహా గుమ్మంలోకి వచ్చేది.

అదే ఏడాది జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటరు ఇప్పటికీ నడుస్తోంది. 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు. మాట వస్తే చాలు. కేరళ పడవలవాళ్ల ఫోనులా.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. తర్వాత వాటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. ఈ-క్రాప్‌లో పంట నమోదు చేసేది అక్కడి సహాయకుడు. అతను చేలోకి నడిచి వచ్చినచోట రెండెకరాలకూ ఇరవై ఎకరాలకూ ఖర్చు ఒకటే... సున్నా. అతను రానిచోట మళ్లీ ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల చేనే ముందు.

కేరళ నుంచి వరంగల్ దాకా కనిపించేది ఒకే సంగతి. తెర రైతుకు అదనపు దారిగా వచ్చినప్పుడు ఊరంతా కొంత బాగుపడింది. ఉన్న ఒక్క దారినీ తెరగా మార్చినప్పుడు వెనకున్నవాడు మరింత వెనక్కి పోయాడు. కాబట్టి యాప్ ఉండాలి, దాని పక్కనే ఒక బల్ల, దాని వెనక ఒక మనిషి కూడా ఉండాలి. కొనుగోలు కేంద్రంలోనే ఉచితంగా స్లాట్ తీసిపెట్టేవాడు ఉండాలి. సీజన్ మొదలవడానికి నెల ముందే ఊరూరా ఫోన్ నెంబర్లూ పేర్లూ సరిచేయాలి. తప్పు వస్తే తెలుగులో చెప్పాలి, వీలైతే మాటలతో చెప్పాలి. దున్నేవాడి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఇవన్నీ సర్కారు చేయాల్సినవి. ఇళ్లలో చేయగలిగింది ఒకటుంది. ఆదివారం ఊరికి ఫోన్ చేసే కొడుకులూ కూతుళ్లూ ‘వానలు పడ్డాయా, పత్తి ఎంతొచ్చింది’ అని అడుగుతారు. దాంతోపాటు ‘ఆధార్‌లో ఏ నెంబరుంది నాన్నా, స్లాట్ ఎవరు తీశారు’ అని కూడా అడగాలి. నాన్న పని అయ్యాక పక్కింటి బాబాయిదీ, కౌలుకు చేస్తున్న అన్నదీ చూసిపెట్టాలి. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మ చేతికి ఫోన్ ఇచ్చి, ఆమే నొక్కేదాకా పక్కన కూర్చోవాలి. తాము నొక్కేసి లేచిపోతే అది సాయం. ఆమెకు వచ్చేదాకా కూర్చుంటే అది చదువు.

విత్తనం నాటిన రోజు నుంచి పింజ విచ్చే రోజు దాకా ఏ యాప్ సాయమూ లేకుండా పంటను గట్టెక్కించినవాడు రైతు. తూకం వేసే చివరి పూట, వేలు తడబడిందని అతన్ని గేటు బయట నిలబెట్టడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.